డ్రైవర్లు తిట్టుకునే రోడ్లు, నమ్ముకునే రోడ్లు: అపోహలు - వాస్తవాలు

మా దగ్గర రిఫ్రెషర్ ట్రైనింగ్‌కి కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ మొదటి రోజు నేను ఒకటే ప్రశ్న అడుగుతాను. "మీకు అస్సలు ఇష్టం లేని రోడ్డు ఏది? ఓనర్ ఆ రూటు పేరు చెప్పగానే, ఇంకెవరినైనా పంపండి అనాలనిపించేది ఏది?" క్లాసులో లారీ వాళ్లు, ట్రావెల్స్ బస్సు వాళ్లు, టాక్సీ వాళ్లు అందరూ ఉంటారు. ఎనిమిదేళ్లుగా అడుగుతున్నాను, జవాబులు పెద్దగా మారలేదు. శ్రీశైలం ఘాట్ అంటారు. మారేడుమిల్లి నుంచి చింతూరు దిగే ఘాట్ అంటారు. చేవెళ్ల మీదుగా పోయే బీజాపూర్ రోడ్డు అంటారు. సంక్రాంతి ముందు విజయవాడ హైవే ఎక్కాలంటే విసుగు అంటారు.

ఇన్నేళ్లలో ఒక్కరు కూడా లేచి "నాకు బెంగళూరు హైవే అంటే భయం సార్" అనలేదు. ఆ రోడ్డు పేరెత్తితే ముఖాలు వెలుగుతాయి. "ఆ రోడ్డుకేం సార్, బండి దానంతటదే పోతుంది" అంటారు. నాకు భయం వేసేది ఆ మాట విన్నప్పుడే.

స్టీరింగ్ పట్టి 21 ఏళ్లు బతికినవాణ్ని. మొదట లారీ, తర్వాత బస్సు. ఇప్పుడు నేర్పడం నా పని. ఇది రాయడానికి కారణం పోయిన నెల వచ్చిన ఒక ఫోన్. మా ఊరాయన, వాళ్లబ్బాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. శుక్రవారం ఆఫీసు అయ్యాక రాత్రికి రాత్రి కారులో హైదరాబాద్ బయలుదేరుతున్నాడట. "అన్నా, దారిలో ఘాట్ ఏమీ లేదు కదా? అంతా ఫోర్ లేనే కదా? భయం లేదు కదా?" అని అడిగాడు. ఆ గొంతులో ఆందోళన విన్నాక ఆయన మీద నాకు కోపం రాలేదు. ఏ తండ్రి అయినా అలాగే అడుగుతాడు. కాకపోతే ఆయన భయం తప్పు చోట ఉంది. ఘాట్ ఉందా అని అడిగాడు గానీ, అబ్బాయి ఎన్ని గంటలకు నిద్ర లేచాడు, బండి ఎన్ని గంటలకు తీస్తున్నాడు అని ఆలోచించలేదు. ఇదే ప్రశ్న ఏడాదికి కనీసం యాభైసార్లు వింటాను.

అపోహ: మలుపుల రోడ్డు ప్రాణం తీస్తుంది, తిన్నని రోడ్డు మీద ఏం కాదు

2022లో మన దేశంలో 4.61 లక్షల రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1.68 లక్షల మంది చనిపోయారు. కేంద్ర రవాణా శాఖ లెక్క ఇది. ఆ ప్రమాదాల్లో 67 శాతం తిన్నని రోడ్ల మీదే జరిగాయి. మలుపులు, గుంతలు, ఏటవాలు రోడ్లు అన్నీ కలిపినా 14 శాతం కూడా లేవు.

ఈ లెక్క చెప్పగానే క్లాసులో తెలివైనవాడు ఒకడు లేస్తాడు. "తిన్నని రోడ్లే ఎక్కువ కదా సార్, అందుకే ప్రమాదాలూ ఎక్కువ." సరైన ప్రశ్నే. అయితే ఇంకో లెక్క చూడండి. దేశంలోని మొత్తం రోడ్లలో జాతీయ రహదారులు సుమారు 2 శాతం. 2022లో రోడ్డు ప్రమాద మరణాల్లో 36 శాతం వాటి మీదే. మనం వెడల్పుగా ఉంది, నున్నగా ఉంది అని మెచ్చుకునే రోడ్లు ఇవే. వాటి మీద బండ్లు ఎక్కువ తిరుగుతాయి, అది నిజమే. కానీ వేగమూ ఎక్కువే, ఆ వేగంలో తగిలితే బతికే అవకాశమూ తక్కువే.

ఘాట్‌లో డ్రైవర్ ఎలా ఉంటాడో గుర్తు చేసుకోండి. రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉంటాయి. సెల్ పక్కన పడేస్తాడు. పాటలు తగ్గిస్తాడు. ప్రతి మలుపు దగ్గర హారన్ కొడతాడు. బండి నలభై దాటదు. ఇష్టం లేని రోడ్డు కాబట్టి ఒళ్లంతా కళ్లు చేసుకుని నడుపుతాడు. అదే మనిషి ఘాట్ దిగి ఫోర్ లేన్ ఎక్కగానే సీటు వెనక్కి జరుపుతాడు. ఒక చెయ్యి కిటికీ మీదికి పోతుంది. స్పీడు నూట పది, నూట ఇరవై. నాలుగు లేన్ల హైవే మీద కార్లకు గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు అని 2018 నుంచీ ఉంది. క్లాసులో అడిగితే సగం మందికి తెలియదు.

రోడ్డు మరీ తిన్నగా ఉంటే మెదడుకు పని ఉండదు. ముందు తెల్లగీత, పక్కన డివైడర్, గంటల తరబడి అదే దృశ్యం. కళ్లు తెరిచే ఉంటాయి, చూపు మాత్రం ఉండదు. మహారాష్ట్రలో నాగ్‌పూర్ నుంచి ముంబై వైపు వేసిన సమృద్ధి మహామార్గం 701 కిలోమీటర్ల రోడ్డు. మొదటి భాగం 2022 డిసెంబర్‌లో తెరిచారు. ఊళ్లు తగలవు, సిగ్నళ్లు లేవు. తెరిచిన కొన్నాళ్లకే ప్రమాదాల వార్తలు మొదలయ్యాయి. 2023 జూలై 1 అర్ధరాత్రి దాటాక బుల్ధానా జిల్లాలో ఒక బస్సు ఢీకొని, బోల్తా పడి, తగలబడి 25 మంది చనిపోయారు. ఆ రోడ్డు గురించి మన లారీ వాళ్లలో ఒక ప్రచారం ఉంది, సిమెంటు రోడ్డు కాబట్టి టైర్లు వాటంతటవే పేలిపోతాయని. గాలి సరిగ్గా ఉండి, అరగని టైరు లిమిట్ స్పీడులో దానంతటదే పేలదు. అరిగిన టైరు, తక్కువ గాలి, ఎక్కువ లోడు, ఎక్కువ స్పీడు కలిస్తే ఏ రోడ్డు మీదైనా పేలుతుంది.

నిద్ర గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అది ఎంతోమందిని తీసుకుపోతోంది

గంటకు 100 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లు రెప్ప వాలితే 110 మీటర్లకు పైనే. క్రికెట్ పిచ్ పొడవు 20 మీటర్లు. అంటే ఐదున్నర పిచ్‌ల దూరం ఆ బండిని నడిపేవాడు లేడన్నమాట.

2012లో మదనపల్లె నుంచి టమాటా లోడుతో బోయినపల్లి మార్కెట్‌కు వస్తున్నాను. తెల్లారేలోగా చేరాలి, లేదంటే రేటు పడిపోతుంది. అంతకు ముందు రోజు కూడా సరిగ్గా నిద్ర లేదు. అనంతపురం దాటాక టీ తాగాను, కర్నూలు దగ్గర ఇంకో టీ. అలంపూర్ చౌరస్తా వరకు అన్నీ గుర్తున్నాయి. ఆ తర్వాత గుర్తున్నది మా క్లీనర్ "అన్నా!" అని అరిచిన అరుపు. పెబ్బేరు దగ్గర రోడ్డు ఎడమ పక్కన ఒక ట్రాలీ లారీ ఆగి ఉంది, వెనక లైటు లేదు. స్టీరింగ్ కుడికి లాగాను. మా ఎడమ అద్దం ఊడి రోడ్డు మీద పడింది, అంత దగ్గర నుంచి దాటాం. బండి పక్కకు ఆపి కూర్చున్నాక అర్థమైంది, బీచుపల్లి దగ్గర కృష్ణ బ్రిడ్జి దాటిన సంగతే నాకు గుర్తులేదు. అంత పెద్ద నది, అంత పొడవు బ్రిడ్జి. దాని మీద లారీ నడిపింది నేనే, కానీ నేను లేను. క్లీనర్‌కు అప్పుడు పద్దెనిమిదేళ్లు. వాడు మేలుకుని ఉండకపోతే ఇద్దరం లేము.

ఆ రోజు నాకు నిద్ర వస్తున్నట్టు అనిపించలేదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. "నిద్ర వస్తే నాకు తెలుస్తుంది, అప్పుడు ఆపుతా" అని ప్రతి డ్రైవరూ అంటాడు. బాగా అలసిన మనిషికి తను నిద్రలోకి జారుతున్నట్టు తెలియదు. తెలియజేయాల్సిన మెదడే ముందు పడుకుంటుంది. ఆవులింతలు ఆగకపోవడం, చివరి రెండు మూడు కిలోమీటర్లు గుర్తులేకపోవడం, బండి గీత మీదికి వెళ్లి రావడం, స్పీడు కారణం లేకుండా పెరగడం తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అప్పటికే ఆలస్యమైందని అర్థం.

రాత్రి రెండు నుంచి ఐదు మధ్య ఒంటికి నిద్ర కావాలి. అలవాటు ఉందా లేదా అన్నదానితో పనిలేదు. ముప్పై ఏళ్ల సర్వీసు ఉన్నవాడికీ అంతే. మధ్యాహ్నం భోజనం తర్వాత రెండు నుంచి నాలుగు మధ్య ఇంకొంచెం తక్కువ మోతాదులో అదే జరుగుతుంది.

డ్రైవర్లు నమ్మే మందులన్నీ నాకు తెలుసు. కిటికీ దించడం, పాటల సౌండు పెంచడం, గుట్కా, పచ్చిమిరపకాయ కొరకడం, తల మీద నీళ్లు పోసుకోవడం. ఇవన్నీ కొద్ది నిమిషాలు మాత్రమే పనిచేస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో చాలాచోట్ల పోలీసులు అర్ధరాత్రి దాటాక బండ్లు ఆపి డ్రైవర్ల చేత ముఖం కడిగించి పంపుతున్నారు. మంచి పని, ఆ ఆపడమే ఎంతోమందిని కాపాడుతుంది. అయితే కడుక్కున్నాం కదా, ఇక తెల్లారేదాకా ఢోకా లేదు అనుకోకండి. నిద్రకు మందు నిద్ర ఒక్కటే. బండి సరైన చోట ఆపి ఒక కాఫీ తాగి వెంటనే ఇరవై నిమిషాలు పడుకోండి. కాఫీ ఒంటికి పట్టడానికి ఎలాగూ ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. లేచేసరికి రెండూ కలిసి పనిచేస్తాయి. దాంతో ఒకటి, రెండు గంటలు గడుస్తుంది. రాత్రంతా గడవదు.

సరైన చోటు అంటే పెట్రోల్ బంకు, టోల్ ప్లాజా దగ్గరి పార్కింగ్, లారీలు ఆగే బే. రోడ్డు పక్కన తెల్లగీత అవతల ఆపి పడుకుంటే మీరు ఇంకొకరి ప్రమాదానికి కారణం అవుతారు.

ఇక ఆగి ఉన్న లారీ సంగతి. తెల్లవారుజామున కారు వెళ్లి ఆగిన లారీని వెనక నుంచి గుద్దిందని పేపర్లో ఎన్నిసార్లు చదివారో లెక్కపెట్టలేరు. లారీ వెనక బాడీ ఎత్తులో ఉంటుంది. కారు ముందు భాగం దాని కిందికి దూరిపోతుంది, అద్దం దగ్గర దెబ్బ తగులుతుంది. అప్పుడు ఎయిర్‌బ్యాగులు ఉన్నా పెద్దగా ఉపయోగం ఉండదు. "నా కారుకు ఫైవ్ స్టార్ రేటింగ్ ఉంది సార్" అనే కుర్రాళ్లకు ఇది చెప్పి చెప్పి నోరు నొప్పి పుడుతోంది.

లోబీమ్‌లో హెడ్‌లైట్ వెలుగు యాభై, అరవై మీటర్ల దాకా పనికొస్తుంది. నూరు కిలోమీటర్ల వేగంలో ప్రమాదాన్ని చూసి, కాలు బ్రేకు మీదికి వచ్చి, బండి పూర్తిగా ఆగడానికి వంద మీటర్లు కావాలి. కనిపించే దూరం కంటే ఆగే దూరం ఎక్కువ. అంటే మేలుకుని ఉన్న మంచి డ్రైవర్ కూడా ఆ వేగంలో, ఆ వెలుగులో, రోడ్డు మీద పడి ఉన్నదాన్ని తప్పించలేడు. 2025 అక్టోబర్ 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో జరిగింది గుర్తుంది కదా. అంతకు ముందే పడిపోయిన ఒక బైకు రోడ్డు మీద ఉంది. తెల్లవారుజామున బెంగళూరు వెళ్తున్న బస్సు దాన్ని ఈడ్చుకుపోయింది, మంటలు లేచాయి, 19 మంది ప్రయాణికులు చనిపోయారు. అదే హైవే మీద 2013 అక్టోబర్ 30న కొత్తకోట దగ్గర పాలెంలో బస్సు కల్వర్టును ఢీకొని తగలబడి 45 మంది పోయారు. అదీ తెల్లవారుజామునే. రెండుచోట్లా ఘాట్ లేదు. అది మనవాళ్లు ఇష్టపడే రోడ్డు.

లారీ అన్నలకు ఒక మాట. బండి ఆగిపోతే వెనక ఒక చెట్టు కొమ్మ పెట్టి, రెండు రాళ్లు పెట్టి ఊరుకోకండి. చీకట్లో కొమ్మ కనిపించదు. రాళ్లను వెళ్లేటప్పుడు తీయడం మరిచిపోతారు, తర్వాత వచ్చే బైకువాడు వాటి మీద పడతాడు. కనీసం యాభై మీటర్ల వెనక రిఫ్లెక్టర్ ట్రయాంగిల్ పెట్టండి. నాలుగు ఇండికేటర్లూ వేయండి. 1033కి ఫోన్ చేస్తే హైవే పెట్రోలింగ్ బండి, క్రేన్ వస్తాయి. వెనక రేడియం స్టిక్కర్ మట్టి పట్టి ఉంటే గుడ్డతో తుడవండి, ఐదు నిమిషాల పని.

ఓనర్లకు కూడా చెప్పాలి, వాళ్లలో చాలామంది మంచివాళ్లే అయినా. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం ప్రకారం డ్రైవర్ పని రోజుకు 8 గంటలు, వారానికి 48. ఏకబిగిన ఐదు గంటలు నడిపాక కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాల్సి ఉండేది. అరవై ఏళ్లకు పైగా ఉన్న చట్టం అది. నేను బస్సు నడిపేటప్పుడు ఒకచోట వరుసగా మూడు రాత్రులు నన్నే పంపారు. కాదంటే ఇంటికి పొమ్మన్నారు. పిల్లల ఫీజులు కట్టాల్సిన నెల అది, వెళ్లాను. డ్రైవర్ నిద్రపోయాడు అని పేపర్లో రాస్తారు. అతన్ని ఎవరు నిద్రపోనివ్వలేదో రాయరు.

అపోహ: "ఆ మైలురాయి దగ్గర ఏదో ఉంది"

దీని మీద నాకు ఓపిక లేదు. ప్రతి హైవే మీదా ఒక దెయ్యం మలుపు ఉంటుంది. తెల్లచీర కనిపించిందంటారు, నిమ్మకాయలు కడతారు, కొబ్బరికాయ కొడతారు. దండం పెట్టుకుంటే నాకేం అభ్యంతరం లేదు, నేనూ బండి తీసేముందు పెట్టుకునేవాణ్ని. కానీ ఒకేచోట పదేపదే ప్రమాదాలు జరిగితే దానికి ప్రభుత్వం పెట్టిన పేరు బ్లాక్ స్పాట్. 500 మీటర్ల పరిధిలో మూడేళ్లలో మనుషులు చనిపోయిన లేదా తీవ్రంగా గాయపడిన ప్రమాదాలు ఐదు జరిగితే, లేదా పది మంది చనిపోతే దాన్ని అలా గుర్తిస్తారు. అక్కడ నిజంగానే ఏదో ఉంటుంది. చూపు అందని మలుపు, లైటు లేని జంక్షన్, ఊరి రోడ్డు నేరుగా హైవే మీదికి రావడం, తప్పు చోట తెరిచిన డివైడర్. కొన్నిచోట్ల ఆ డివైడర్ మూసేశాక ఆ "దెయ్యం" మళ్లీ కనిపించలేదు.

రాత్రి అద్దం మీద కోడిగుడ్లు కొడతారు, నీళ్లు పోస్తే తెల్లగా అయిపోయి దారి కనిపించదు, అప్పుడు దోచుకుంటారు అని వాట్సాప్‌లో ఏళ్ల తరబడి ఒకే మెసేజ్ తిరుగుతోంది. దొంగతనాలు అసలు జరగవని అనను. కానీ ఆ మెసేజ్ చదివి, ఆపితే దొంగలు వస్తారని భయపడి, కళ్లు మూతలు పడుతున్నా ఆపకుండా నడిపినవాళ్లు నాకు తెలుసు. దొంగ భయానికి మందు వెలుతురున్న బంకులో ఆపడం.

శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు గేటు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేది కూడా దొంగల వల్ల కాదు. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. జంతువులు రోడ్డు దాటే వేళ అది.

బీజాపూర్ రోడ్డు సంగతి వేరు

ఇక్కడ డ్రైవర్ల భయం అపోహ కాదు. మొయినాబాద్, చేవెళ్ల మీదుగా పోయే ఆ జాతీయ రహదారిలో చాలా భాగం రెండు లేన్లే, మధ్యలో డివైడర్ లేదు. టిప్పర్లు, ఆర్టీసీ బస్సులు, కార్లు అన్నీ ఎదురెదురుగా. రెండు పక్కలా పాత మర్రిచెట్లు, 900 దాకా ఉంటాయి. వాటిని కొట్టకూడదని పర్యావరణం కోరుకునేవాళ్లు గ్రీన్ ట్రైబ్యునల్‌కు వెళ్లారు, వెడల్పు పని ఏళ్ల తరబడి ఆగింది. 2025 నవంబర్ 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ తాండూరు బస్సును ఢీకొంది. కంకర బస్సులోకి ఒలికిపోయింది. 19 మంది చనిపోయారు.

ఆ వారం చెట్లను నరికేయండి అన్నవాళ్లు కొందరు, చెట్లదేం తప్పు అన్నవాళ్లు కొందరు. నేను ఆ చెట్ల నీడలో లారీ ఆపుకుని సద్దన్నం తిన్నవాణ్ని, అవి పోకూడదనే కోరుకుంటాను. చెట్లు ఉంచి పక్కన ఇంకో రెండు లేన్లు వేయవచ్చు, చాలాచోట్ల వేశారు. ఎదురెదురు బండ్లను విడదీసే డివైడర్ లేకుండా ఆ రోడ్డుకు మేలు జరగదు. అది వచ్చేదాకా అక్కడ ఓవర్‌టేక్ మానుకోండి. ముందు బండి వెనక పది నిమిషాలు నడిస్తే పోయేది పది నిమిషాలే. రెండు లేన్ల రోడ్డు మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఎదుటివాడి వేగం, మీ వేగం కలుస్తాయి. ఇద్దరూ ఎనభైలో ఉంటే దగ్గరయ్యే వేగం నూట అరవై. మన కన్ను ఆ లెక్క కట్టలేదు.

విజయవాడ హైవే

దీన్ని తిట్టుకోవడానికి కారణం జామ్, టోల్. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు. సంక్రాంతికి రెండు రోజుల ముందు పంతంగి దగ్గర బారులు చూస్తే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. కానీ జామ్‌లో ఎవరూ చనిపోరు. ఆ రోడ్డు మీద నేను భయపడేది చౌటుప్పల్, చిట్యాల, సూర్యాపేట చుట్టుపక్కల ఊళ్ల దగ్గర. అవతల పక్క పొలం ఉన్న రైతు, బడికి పోయే పిల్లలు, యూటర్న్ రెండు కిలోమీటర్ల దూరంలో ఉందని రాంగ్ రూట్‌లో వచ్చే బైకు. ఊరి పేరు బోర్డు కనిపిస్తే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయండి.

టోల్ మాట వచ్చింది కాబట్టి ఒకటి. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలకు, 200 ట్రిప్పులకు వచ్చిన ఫాస్టాగ్ వార్షిక పాస్ సొంత కార్లకు మాత్రమే. టాక్సీ నంబర్ బండ్లకు వర్తించదు. ఔటర్ రింగ్ రోడ్డు మీదా చెల్లదు. దీని గురించి టోల్ దగ్గర ఉద్యోగులతో గొడవపడకండి పాపం.

అపోహ: ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వేస్తే డీజిల్ మిగులుతుంది

మిగలదు. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంధనం సరఫరా ఆగిపోతుంది, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్ వేస్తే ఇంజన్ ఐడిలింగ్‌లో తాగుతూనే ఉంటుంది. డీజిల్ సంగతి అలా ఉంచి, న్యూట్రల్‌లో బండి బరువంతా బ్రేకుల మీద పడుతుంది. అవి కాలిపోయి పట్టు వదిలేస్తాయి. ఘాట్ ప్రమాదాల్లో "బ్రేకులు ఫెయిలయ్యాయి" అని వచ్చే వార్తల్లో చాలావాటి వెనక ఇదే ఉంటుంది. ఏ గేరులో ఎక్కగలిగారో అదే గేరులో దిగండి. కాలిన వాసన వస్తే ఆపేసి చల్లారనివ్వండి, చక్రాల మీద నీళ్లు కుమ్మరించకండి. ఇంజన్ ఆఫ్ చేసి దిగడం ఇంకా ఘోరం, బ్రేకు బూస్టర్, పవర్ స్టీరింగ్ రెండూ పోతాయి.

మిగతావి గబగబా చెబుతాను. ఎండాకాలం గాలి తగ్గించి కొట్టించాలన్నది తప్పు, గాలి తక్కువైతేనే టైరు వేడెక్కుతుంది. కంపెనీ చెప్పినంత, టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి. వానలో నాలుగు ఇండికేటర్లూ వేసి నడపడం తప్పు, మీరు ఎటు తిరుగుతారో వెనకవాడికి తెలియదు. హెడ్‌లైట్ వేస్తే చాలు. వెనక సీట్లో బెల్టు అక్కర్లేదన్నది ప్రాణాంతకమైన తప్పు. 2022 సెప్టెంబర్‌లో ముంబై-అహ్మదాబాద్ హైవే మీద ప్రమాదంలో చనిపోయిన పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ వెనక సీట్లోనే ఉన్నారు, బెల్టు లేదు. కారు ఖరీదైనదే.

ఇంకొకటి. దెబ్బ తగిలినవాణ్ని ఆసుపత్రికి తీసుకెళ్తే కేసు మన మీద పడుతుందన్న భయం. ఈ భయం ఉన్నవాళ్లను నేను తప్పుపట్టను, ఒకప్పుడు స్టేషన్ చుట్టూ తిప్పిన రోజులు నేనూ చూశాను. ఇప్పుడు అలా లేదు. సాయం చేసినవాళ్లకు రక్షణ కల్పించే మార్గదర్శకాలను సుప్రీంకోర్టు 2016లో ఆమోదించింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలోనే 134ఎ సెక్షన్ చేర్చారు. మీ పేరు చెప్పమని బలవంతపెట్టడానికి లేదు. గాయపడినవారికి మొదటి ఏడు రోజులు లక్షన్నర రూపాయల దాకా నగదు లేని వైద్యం పథకం 2025 మేలో వచ్చింది. 108 నొక్కండి, హైవే మీదైతే 1033 కూడా.

మా ఊరాయనకు ఆ రోజు ఏం చెప్పానంటే, అబ్బాయిని రాత్రి పడుకోమనండి, నాలుగున్నరకు లేచి ఐదుకు బయలుదేరమనండి, మధ్యాహ్నం రెండుకల్లా ఇంట్లో ఉంటాడు. సెలవులో సగం రోజు పోతుందని అబ్బాయి గునిశాడట. తల్లి కూడా గట్టిగా చెప్పేసరికి ఒప్పుకున్నాడు.

రెండు వారాల కింద తెల్లవారుజామున మూడు నలభైకి నా ఫోన్ మోగింది. పాత బ్యాచ్ కుర్రాడు, లారీ డ్రైవర్, డోన్ దగ్గర బంకులో ఉన్నాడు. "సార్, గుత్తి దాటాక రోడ్డు గుర్తులేదు. ఆపేశాను. ఓనర్ అరుస్తున్నాడు, మీరు మాట్లాడతారా?" నంబర్ తీసుకుని ఓనర్‌తో మాట్లాడాను. లోడు రెండు గంటలు ఆలస్యమవుతుందని, అన్‌లోడింగ్ హమాలీలు వెళ్లిపోతారని ఆయన బాధ. హమాలీలకు నేనే ఫోన్ చేసి చెబుతానన్నాను. అబ్బాయి ఆరింటికి లేచి బండి తీశాడు.